తడి గోడ మీద రేవు

తొమ్మిదో నంబరు మంచం ఖాళీగా ఉంది. నలభై రోజులుగా కాలు కింద పెట్టని మనిషి దాని మీద లేదు.

సున్నం బకెట్టుతో ఆడవాళ్ళ వార్డులోకి వచ్చిన వలికి ముందు కనిపించింది పక్కకు తోసిన దుప్పటే. వెనకాలే ఆయా సుశీల కేక వినిపించింది. తుంటి విరిగి బాపట్ల నుంచి వచ్చిన కనకలక్ష్మిని లేపి నడిపించడం ఎవరి వల్లా కాలేదు. "ఎక్కడికి నడవాలమ్మా? ఆ గోడ దాకానా?" అని ముఖం తిప్పుకునేది.

ఇప్పుడు సరిగ్గా గోడ దాకానే నడిచింది. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో అరచెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉంది. మంచం నుంచి అక్కడికి పదకొండు అడుగులు.

నిన్న ఆ గోడ తెల్లగా ఉంది. ఇవాళ దాని మీద కృష్ణ పారుతోంది.

మనిషెత్తున నీలం నీళ్ళు. ఆవలి ఒడ్డున తాటిచెట్లు, నడుమ లాంచీ, ఇవతల పెనుమూడి రేవు, మెట్ల మీద ఒక చెప్పుల జత. వార్డంతా అటే చూస్తోంది. రాత్రంతా మూలిగిన చుండూరు పిల్ల కూడా మూలగడం మరిచిపోయి చూస్తోంది.

"ఎవరో చెప్పులు వదిలేశారయ్యా," అంది కనకలక్ష్మి వలితో. "మనిషి కనపడటంలా. తెల్లారిన కాణ్ణించీ చూస్తన్నా. ఉండబట్టలేక వచ్చా."

వలి బకెట్టు కింద పెట్టాడు. ఆ రేవు గీసింది తనే.

తెనాలిలోని ఈ ఎముకల ఆస్పత్రికి అతను పదహారేళ్ళుగా వెల్ల వేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి. సున్నానికి వేలిముద్రలు అరిగిపోయాయి. మరకలు తెలియవని ఎప్పుడూ తెల్ల చొక్కాయే వేస్తాడు. అతను వేసిన గోడ ముందు ఎవరూ ఆగి చూసింది లేదు. నాలుగేళ్ళ కిందట భార్య జాన్‌బీ ఇదే తొమ్మిదో మంచం మీద ఉన్నప్పుడు నీలిమందు, కావిరాయి, దీపం మసి తెచ్చి, ఎదుటి గోడ మీద ఆమె పుట్టింటి రేవు గీశాడు. పాత డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తరువాత వచ్చిన డాక్టరు భరద్వాజ వార్డులన్నీ తెల్లగా ఉండాలని తన గదిలోంచే చెప్పాడు. అన్ని గోడలకూ మూడేసి పూతలు వేసిన వలి, ఈ ఒక్కదానికి బంక కలపకుండా, మజ్జిగతేటలా పల్చగా ఒకే పూత వేశాడు. ఆరి ఉన్నంతకాలం అది తెలుపే. తడిస్తే లోపలిది కనిపిస్తుంది. రాత్రి వానకు డాబా తూము పూడి, నీళ్ళన్నీ ఆ గోడలోకి దిగాయి.

అతను తప్ప ఆ బొమ్మ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఆస్పత్రిలో ఎవరూ లేరు.

డాక్టరు భరద్వాజ పరుగున వచ్చి ముసలామెను కూర్చోబెట్టి తుంటి పరీక్షించాడు. ఆ తరువాత గోడ వైపు తిరిగాడు.

"ప్రకాశం, రాత్రి లోపలికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి," అన్నాడు వాచ్‌మన్. "గేటు కాడే ఉన్నా."

"మరి నది దానంతటదే వచ్చిందా?"

"అదే నాకూ అర్థం కావటంలా సార్. మా రేపల్లెలో కూడా నీళ్ళు ఇంత తేటగా ఉండవు."

సుశీల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు నవ్వలేదు. "ఆవిడ పడుంటే ఎవరిది బాధ్యత? ఎవణ్ణో రానిచ్చి బొంకుతున్నావు. రేపటి నుంచి రావద్దు. వలీ, గోడ ఆరగానే ఆయిల్ పెయింట్ వేసెయ్."

ఆయిల్ పెయింట్ వేస్తే ఇక ఏ వానా ఆ రేవును పైకి తేలేదు. వలి గోడ వైపు చూశాడు. కిటికీలోంచి ఎండ పడుతోంది. తాటిచెట్లు పోయాయి. లాంచీ పోయింది. ఇంకో గంట నోరు మూసుకుంటే సాక్ష్యమే ఉండదు.

ప్రకాశం టిఫిన్ డబ్బా సర్దుకుంటూ వచ్చాడు. "బాబాయ్, నేను నిద్రపోలేదు. నువ్వైనా నమ్ముతావా?"

వలి తల పంకించాడు.

పదకొండింటికి గోడ తెల్లబడింది. "అయ్యో, వెళ్ళిపోయిందే," అని కనకలక్ష్మి మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఖాళీ గోడ చూసి నిలబడిపోయాడు.

వలి కొత్త కుంచె తీసుకున్నాడు. మంచినీళ్ళలో ముంచి, భుజమెత్తు నుంచి నేల దాకా ఒక్క గీత లాగాడు. గోడ నీళ్ళు పీల్చుకుంది. తెలుపు కరిగి నీలం విచ్చుకుంది. రెండో గీతకు లాంచీ వచ్చింది. మూడో గీతకు మెట్లు, చెప్పులు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అతని వెనక కనకలక్ష్మి పాదాలు, ఎవరూ చెప్పకుండానే, నేలకు ఆనాయి.

"ప్రకాశం తప్పు లేదండి," అన్నాడు వలి. "బొమ్మ నాది. సున్నం పల్చన చేసిందీ నేనే, కావాలనే చేశా. మా ఆవిడ ఆ మంచం మీద ఉండగా రోజుకింత గీసేవాణ్ణి. ముందు నీళ్ళు, తర్వాత లాంచీ. ఆఖర్న రేవులో ఆవిణ్ణి నిలబెడదామనుకున్నా. చెప్పుల దాకా వచ్చానండి. అవి చూసుకుంటానే పోయింది. ఇక మనిషిని గియ్యబుద్ధి కాలేదు, వాటిని తుడవబుద్ధీ కాలేదు. ఆయిల్ పెయింట్ ఇంకెవరి చేతైనా వేయించుకోండి సార్, కుంచె ఇదిగో. పెద్దమ్మా, పొద్దున అడిగావే... ఆ మెట్ల మీద చెప్పులు జాన్‌బీవి."