బదులుగా ఇవ్వవలసిన పాలు

మా అమ్మాయి రియా సీరియల్ తిని లేచాక గిన్నెలో మిగిలే పాలు ఇన్నేళ్ళూ నేనే తాగాను. పారబొయ్యడానికి చెయ్యి రాదు. అడుగున రెండు మూడు రంగు గింజలు నానిపోయి, పాలు కాస్త గులాబీరంగుకు తిరిగి ఉంటాయి. సింకు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో తాగేస్తాను. గంట తరువాత కడుపులో మొదలవుతుంది. ముందు గుడగుడ, తరువాత ఉబ్బరం, ఆపైన మెలిపెట్టే నొప్పి. నా కడుపింతే అనుకున్నాను. కొందరికి జుట్టు పలచగా ఉంటుంది, కొందరికి మడమలు పగులుతాయి, నాకు కడుపు ఇలా ఉంటుంది. దీనికొక కారణం ఉండొచ్చని, అది మా ఫ్రిజ్ తలుపులోనే గాలన్ డబ్బాలో నిలబడి ఉందని ఎప్పుడూ తోచలేదు.

తోచేలా చేసింది భవిత. నేను అమెరికాలో, మేముండే ట్రాయ్ ఊళ్ళో ఒక ఎలిమెంటరీ స్కూలు లంచ్‌రూమ్‌లో పనిచేస్తాను. తలకు వల, చేతులకు తొడుగులు. పిల్లలు వరసలో వస్తే ట్రేలు అందిస్తాను, చిన్నవాళ్ళకు పాల డబ్బాలు తెరిచి ఇస్తాను. పాలు పడని పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఉంటుంది. పేరు, ఇవ్వకూడని పాలు, బదులుగా ఇవ్వవలసిన పాలు, కింద గార్డియన్ సంతకం. కాగితం ఉన్న పిల్లను ఎవరూ ఏమీ అడగరు. ఎందుకు పడవు, నిజంగానే పడవా, కొంచెం తాగి చూడరాదా అనరు. సోయాపాలు తీసి ట్రేలో పెడతాం, అంతే. రెండో తరగతి చదివే భవిత మన తెలుగు పిల్ల. ఒకరోజు తన డబ్బా అందుకుంటూ అడిగింది.

“ఆంటీ, మీ మిల్క్ ఏది?”

“నాకేంటమ్మా, నేను ఏదైనా తాగుతా.”

“నో, మీ పేపర్‌లో ఏం రాశారు?”

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. భవిత జవాబు వినకుండానే వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నమంతా బల్లలు తుడుస్తూ నా పేపర్ గురించే ఆలోచించాను. ఇంట్లో ఎవరికి ఏ పాలో నాకు తెలుసు. మావారికి కొవ్వు తగ్గించిన టూ పర్సెంట్, రియాకి చాక్లెట్ కలిపినవి, శనివారం ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ళ టీకి చిక్కటి హోల్ మిల్క్. నాకు ఏవో నాకే తెలియదు. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి.

రియా పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు తీసి పెట్టుకున్నాను. పది రోజులు పాలు ముట్టలేదు. టీ డికాక్షన్‌గానే తాగాను, సీరియల్ గిన్నె కళ్ళు మూసుకుని కడిగేశాను. కడుపు కిమ్మనలేదు. పదకొండో రోజు పరీక్షగా అరగ్లాసు పాలు తాగాను. గంటా పది నిమిషాలకు మొదలైంది. నోట్‌బుక్‌లో రాశాను. మా ఊరి హైస్కూల్లో ప్రయోగాలన్నీ బోర్డు మీదే చేసేవారు, మేము చూసి ఎక్కించుకునేవాళ్ళం. నా చేత్తో నేను చేసిన మొదటి ప్రయోగం ఇదే. నొప్పిగా ఉన్నా నవ్వొచ్చింది.

క్లినిక్‌లో నర్సు నా నోట్‌బుక్‌ను నాకంటే శ్రద్ధగా చూసింది. పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగకపోవడం చాలామందిలో ఉంటుందని, మీ ప్రాంతాల వాళ్ళలో ఇంకా ఎక్కువని చెప్పింది. మానేస్తే మంచిదే, కానీ ప్రొటీన్, కాల్షియం మరోచోట నుంచి వస్తున్నాయో లేదో చూసుకోండి అంది. మావారు షాలేం రాజుకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. బ్రేకు ఎందుకు కీచుమంటోందో తెలుసుకోవడానికి మూడు నెలలు తీసుకుంటారు. నా సంగతి తేల్చడానికి మూడు సెకన్లు.

“పాలు పడకపోవడమేంటి జెమీ? ఈ దేశం వచ్చాక అందరికీ ఏదో ఒకటి పడదు. ఫ్యాషన్.”

ఆయన చెడ్డవారు కారు. మంచు పడితే నా కారు కూడా తుడిచి పెడతారు. కానీ శనివారాలు ఉన్నాయి. మా ఇంట్లో ప్రార్థన కూటం, పన్నెండుమంది, అల్లం టీ. అందరికీ ఇచ్చి నువ్వు తాగకపోతే వాళ్ళేమనుకుంటారు అంటారు కాబట్టి నేనూ తాగేదాన్ని. చివరి ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నాక లేచి బాత్రూమ్‌కి వెళ్ళేదాన్ని. తిరిగి వచ్చేసరికి అందరూ కళ్ళు తెరిచి ఉండేవారు. “మా జెమీకి ఆమెన్ దాకా ఓపిక ఉండదు” అనేవారు మావారు. నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నా నవ్వే అందరికంటే ముందు మొదలయ్యేది, ఇప్పుడు తలచుకుంటే.

మానెయ్యాల్సింది పాలొక్కటే కాదని అర్థమైంది. అయితే బదులు ఏమిటో తేలాలి కదా. స్టోర్‌లో రకరకాల పాలున్న అరమార ముందు నిలబడితే మతి పోయింది. నేను డబ్బాల ముందు బొమ్మలు చూడటం మానేసి వెనక వైపు చదవడం మొదలుపెట్టాను. బాదంపాలలో కప్పుకు ఒక్క గ్రాము ప్రొటీనే. సోయాలో ఏడెనిమిది. ఓట్ పాలకు వేరే చక్కెర కలపకపోయినా తీపి ఉంటుంది, ఓట్స్‌లోని పిండే తీపిగా మారుతుందట. కొబ్బరిపాలలో కొవ్వు తప్ప పెద్దగా ఏమీ లేదు. కలిపిన కాల్షియం అడుక్కి దిగుతుంది, బాగా కుదపాలి. చక్కెర కలపనిది అని రాసి ఉన్నది వెతుక్కోవాలి. ఒక వారం ఒక డబ్బా అనుకున్నాను. మొదట ఓట్ పాలు తెచ్చాను.

అదే వారం మా అత్తగారు కరుణమ్మ కొల్లూరు నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. తెల్లవారే లేచి ఫ్రిజ్‌లో కనిపించిన డబ్బా తీసి గిన్నెలో పోసి కాచారు. పాలన్నాక కాచకుండా ఎలా ఉంటాం? నేను వచ్చేసరికి గరిటె తిప్పుతూ వంగి చూస్తున్నారు.

“అమ్మాయ్, ఈ పాలు పొంగట్లేదు, చిక్కబడతన్నాయి. జిగురు చూడు, గంజిలాగా సాగతంది.”

“అది ఓట్స్‌తో చేసింది అత్తయ్యా. కాచకూడదు.”

“గంజి కాస్తే గంజి కాకపోతే ఏమవుద్ది!” అని పగలబడి నవ్వారు. తరువాత నిదానంగా, “ఎవరికిది?” అన్నారు.

“నాకే. పాలు పడవు నాకు.”

ఆవిడ నన్నొకసారి చూశారు. ఆ గంజిలో ఉప్పేసుకుని తాగేశారు, పారబొయ్యడానికి ఆవిడకూ చెయ్యి రాదు.

రెండో వారం బాదంపాలు. అల్లం టీలో పోయగానే ముక్కలు ముక్కలుగా విరిగింది. మూడో వారం సోయా. అది కూడా విరిగింది, కానీ ఆ విరగడం చూస్తే పట్టు దొరికింది. వేడివేడి డికాక్షన్‌లో చల్లటి పాలు పోస్తే విరుగుతున్నాయి. అల్లం ముందే మరిగించి వడకట్టి, డికాక్షన్ కాస్త ఆరనిచ్చి, పాలు విడిగా గోరువెచ్చ చేసి చివర కలిపాను. నిలిచింది. రంగు కూడా అచ్చం టీ రంగే.

ఆ శనివారం రెండు గిన్నెలు పెట్టాను. పెద్ద గిన్నె వాళ్ళకు, చిన్న గిన్నె నాకు. కప్పు పట్టుకుని అత్తగారి పక్కన కూర్చున్నాను. కూటం నడిపే అబ్రహాం అంకుల్ చూడనే చూశారు.

“ఏం సిస్టర్, మీకు స్పెషల్ టీనా?”

“మా ఇంట్లో కొత్త ఫ్యాషన్ వచ్చిందంకుల్,” మావారు అందుకున్నారు. “పాలు పడవంట! చిన్నప్పుడు గేదె పాలు తాగి పెరిగిన మనిషి. అమ్మా, నువ్వు చెప్పు. నాలుగు గేదెల పాడి మనది. పాలు పడకపోవడం ఎప్పుడన్నా విన్నావా?”

నా కప్పు మోకాలి మీద ఆగిపోయింది. ఆవిడ పాడి మనిషి. ఇప్పుడు ఆవిడ వినలేదని అంటే నేను మళ్ళీ పెద్ద గిన్నె టీకి వెళ్ళిపోతాను, నాకు తెలుసు.

“నాకేం తెలుసురా,” అన్నారు అత్తగారు. “నేనెప్పుడు తాగాను?”

“అదేంటమ్మా?”

“పొద్దుటి పాలు కేంద్రానికి. సందేళవి మీ నాన్నకీ నీకూ. తోడేసింది మీ తాతకి. నాకూ మీ అక్కకీ మజ్జిగ తేట. పితికింది నేనే, పడుద్దో పడదో ఎవరన్నా అడిగితేగా? నిన్ను కన్నప్పుడు బాలింతనని రెండు పూటలా గ్లాసెడు ఇచ్చారు. కడుపులో ఒకటే నొప్పి. కన్న నొప్పే ఇంకా తగ్గలేదన్నారు. నేనూ అదే అనుకున్నా. తరవాత మళ్ళీ ఇచ్చిందెవరు చూడ్డానికి?”

ఎవరూ నవ్వలేదు. అబ్రహాం అంకుల్ భార్య తన కప్పులోకి చూసుకుంది. అంకుల్ పాటల పుస్తకం తెరిచారు. మావారు వాళ్ళమ్మ చేతుల వైపు చూశారు. వేళ్ళ కణుపులు లావుగా ఉంటాయి ఆవిడకు, పితికిన చేతులు. ఆ రోజు నేను ఆమెన్ దాకా కూర్చున్నాను. చివరి ప్రార్థన అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు.

సోమవారం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అత్తగారు డైనింగ్ టేబుల్ మీద స్టీలు గ్లాసులు వరసగా పెట్టుకుని కూర్చున్నారు.

“ఆ డబ్బాలన్నీ కాసిని కాసిని పొయ్యి అమ్మాయ్. రుచి చూద్దాం.”

ఆదివారం మిగతా రకాలు కూడా తెచ్చి ఉంచాను, అన్నీ పోశాను. బాదం కడిగిన నీళ్ళన్నారు. కొబ్బరివి కూరలో వేస్తే బాగుంటాయన్నారు. సోయాకు ముక్కు ఎగబీల్చి, పచ్చి చిక్కుడు గింజ వాసనన్నారు, కానీ ఇంకో గుక్క తాగారు. లోపలి చక్కెర ముందే విరగ్గొట్టిన ఆవుపాలు కూడా దొరుకుతాయని ఆ గ్లాసు జరిపితే, ఇవి పాలే, కాస్త తీపెక్కువ అన్నారు. అప్పుడు ఫ్రిజ్ వైపు వేలు చూపించారు.

“అవన్నీ సరే. అసలు పాలు ఒక గ్లాసు నిండా పొయ్యి. అంచు దాకా.”

“నొప్పొస్తే అత్తయ్యా?”

“వస్తే వచ్చిందిలే. డెబ్బయ్యొకటి నాకు. తెలుసుకోవద్దా?”

నిండు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా తాగారు. పైపెదవి మీద తెల్లటి గీత. ఇద్దరం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. గంటన్నరకు ఆవిడ పొట్ట మీద చెయ్యేసుకుని, “మొదలైందే!” అన్నారు. ఏదో గెలిచినట్టు ఉంది మొహం. నోట్‌బుక్ తెచ్చి ఆవిడకొక కొత్త పేజీ తెరిచాను.

మర్నాడు లంచ్‌రూమ్ నుంచి ఖాళీ కాగితాలు రెండు అడిగి తెచ్చాను. నాది నింపాను. పేరు: జెమీమా. ఇవ్వకూడనివి: పాలు. బదులుగా: సోయా, చక్కెర కలపనిది. ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో పెట్టాను. అత్తగారు రెండో కాగితం తీసుకుని గదిలోకి వెళ్ళారు. బైబిలు చదవడం కోసం నలభయ్యో ఏట నేర్చుకున్న అక్షరాలు, సమయం పడుతుంది. సాయంత్రానికి నా కాగితం పక్కన ఆవిడదీ ఉంది.

మావారు ఆఫీస్ నుంచి వచ్చి నీళ్ళ కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి ఆగారు. బ్యాగు భుజం మీదే ఉంది. వంగి చదివారు.

“గార్డియన్ సంతకం అని ఉంది. నేను పెట్టాలా ఏంటి?” నవ్వుతూ జేబులో పెన్ను తడుముకున్నారు.

“పెట్టేశానండి.”

పెన్ను జేబులోనే ఉండిపోయింది. నా సంతకం చూసి, పక్క కాగితం వైపు జరిగారు. అక్కడా సంతకం ఉంది, కరుణమ్మ అని, గుండ్రంగా, గీత దాటి. బదులుగా ఇవ్వవలసిన పాలు అన్నచోట ఆవిడ ఏ పేరూ రాయలేదు. ఇంకా చూస్తన్నాను, అని రాశారు.