పగిలిన టైల్స్‌కి కరువు

పగిలిన టైల్స్‌కి కరువొస్తుందని ఎవరైనా అనుకుంటారా? ఆ ఫ్యాక్టరీలో వచ్చింది. అదీ ఎప్పుడు? టంగత్త కోడలికి క్రషర్ చేతికొచ్చిన ఏడాదే వచ్చింది. అదృష్టం తలుపు తట్టి, తీసేలోపు పక్కింటికి పోవడమంటే అదే.

టంగత్త పని, బట్టీలోంచి దిగిన టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టి వినడం. టంగుమంటే మంచిది, పెట్టెలోకి పోతుంది. టపుమంటే లోపల ఎక్కడో పగులుంది, తొట్టిలోకి పోతుంది. తొట్టి నిండితే కోడలు క్రషర్‌లో వేసి పిండి చేస్తుంది. ఆ పిండి మళ్ళీ మట్టిలో కలిసి మళ్ళీ టైల్ అవుతుంది. పూత కడిగిన నీళ్ళు తేరుకున్నాక తిరిగి పూతలోకే పోతాయి. బట్టీ వదిలిన వేడిగాలికి పచ్చి టైల్స్ ఆరతాయి. చెత్త బండివాడు వచ్చి, ఏమీ దొరక్క, అలిగిన అల్లుడిలా మొహం పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

బాగుంది కదా? బాగుండబట్టే తంటా వచ్చింది. పగలగొట్టకండి, పగలగొట్టకండి అని యజమాని అందరికీ నూరిపోశాడు. దాంతో మోసేవాళ్ళంతా టైల్స్‌ని పసిపిల్లల్లా చంకనెత్తుకోవడం మొదలుపెట్టారు. తొట్టి అడుగు కనిపించింది. క్రషర్ నోరు తెరుచుకుని కూర్చుంది.

మేస్త్రీ వచ్చి, మీసం దువ్వుకుంటూ చెప్పాడు. "వారం ఆఖరికి తొట్టిలో పగిలిన పెంకులు పడకపోతే క్రషర్ షెడ్డుకి తాళమే. కోడలుపిల్ల మళ్ళీ వెళ్ళి అట్టపెట్టెలు అంటించుకోవాలి."

ఆ అట్టపెట్టెల దగ్గర ఎన్నేళ్ళు చేతులకి జిగురు పూసుకుని, ఎంతమందిని బతిమాలి ఆ పిల్ల క్రషర్ సంపాదించిందో టంగత్తకి తెలుసు. ఆ మధ్యాహ్నం కోడలు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"అత్తా, రోజుకి నాలుగు టైల్స్‌ని టపుమన్నాయని చెప్పు. నీ మాట కాదనేదెవరు?"

"టంగుమన్నదాన్ని టపుమందని ఎట్లా చెప్పనే? నా నోరు ఒప్పుకున్నా నా వేలు ఒప్పుకోదు."

"అంటే కోడలికన్నా టైలే ఎక్కువా నీకు?"

"టైలు ఎదురు మాట్లాడదు. ఎక్కువే."

అనడమైతే అంది గానీ, చెయ్యి కడుక్కుంటూ పెంకుల సంగతే ఆలోచించింది. ఊళ్ళో కూలగొట్టిన ఇళ్ళ పెంకులు తెద్దామా అంటే వాటికి సిమెంటు అంటుకుని ఉంటుంది. అందులో సున్నం మట్టిలో కలిసిందా, కాల్చిన టైల్ తర్వాత తేమ పీల్చి స్ఫోటకం వచ్చిన మొహంలా గుంటలు పడుతుంది. సిమెంటు మొహం చూడని పెంకులు కావాలి. ఎక్కడున్నాయి?

ఎక్కడో ఎందుకు, తమ వీధిలోనే ఉన్నాయి! క్రషర్ రాకముందు పగిలినవి గుట్టలుగా పడుండేవి, ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోయేవారు. నీళ్ళ బిందె కింద, కోళ్ళగూటి మీద, కుంటి బల్లకి కాలుగా, ఎక్కడ చూసినా అవే.

సెలవు రోజు పొద్దున్నే అత్తాకోడళ్ళు తోపుడు బండితో బయల్దేరారు.

"అయ్యో, అది తీస్తే బల్ల ఊగుతుంది పిన్నీ!" అని డ్రైవరు పెళ్ళాం మొత్తుకుంది.

"ఊగనీవే. మీ ఆయన ఎలాగూ ఊగుతూనే వస్తాడుగా, సరిపోతుంది," అంటూ టంగత్త పెంకు లాగేసింది.

అలా బండి సగం నిండేసరికి మేస్త్రీ ఇల్లు వచ్చింది. గేటు నుంచి గుమ్మం దాకా ఇసుకలో పరిచిన టైల్స్ దారి తళతళలాడుతోంది. టంగత్త కాలు పెట్టింది. ఆగింది. వంగి వేలితో కొట్టింది. టంగు. పక్కది కొట్టింది. అదీ టంగే. గుమ్మం దాకా కొట్టుకుంటూ పోయింది. టపుమన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మరిదీ! ఈ టైల్స్ ఎక్కడివయ్యా?"

మేస్త్రీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎక్కడివేంటి వదినా, పగిలినవే. గుట్టలోంచి ఏరుకున్నాను."

"అదే అనుకున్నాను. పగిలినవైతే క్రషర్‌కేగా! ఎక్కించు బండి."

మేస్త్రీ ఇరుక్కుపోయాడు. మంచివంటే దొంగ. పగిలినవంటే దారి పోయె. చివరికి గునపం తెచ్చి తనే పెళ్ళగించాడు.

"ఏమయ్యా, మన దారి!" అని పెళ్ళాం గుమ్మంలోంచి అరిచింది.

"లోపలికి పోవే!"

మర్నాడు ఫ్యాక్టరీలో బండి తన బల్ల దగ్గరికి రాగానే టంగత్త ఒక్కొక్కటీ కొట్టడం మొదలుపెట్టింది. టంగు, టంగు, టంగు. సరిగ్గా అప్పుడే యజమాని అటు వచ్చాడు. మేస్త్రీ మొహం తడిమట్టి రంగులోకి తిరిగింది.

"ఇవి మంచివే కదమ్మా? ఎక్కడివి?"

"మేస్త్రీ ఇంటివి బాబూ. క్రషర్ ఆగకూడదని తన వాకిలి తవ్వి మరీ తెచ్చాడు. పాపం, పగిలినవనుకున్నాడు. మంచివాటిని క్రషర్‌లో వెయ్యనివ్వను నేను."

యజమాని ఒక టైల్ తిప్పి చూసి, మేస్త్రీ వంక తిరిగాడు. కింద పెదవి కొరుక్కున్నాడు, నవ్వుకో కోపానికో తెలియలేదు. "క్రషర్ మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలీదయ్యా. అయితే పెంకులు తెచ్చే పని ఇకమీదట నీదే. దుకాణాల్లో దింపేటప్పుడు పగిలినవన్నీ వెనక్కి పట్టుకురా."

ఆ మంచి టైల్స్ క్రషర్ షెడ్డులో నేలకి పరిచారు. వీధి పెంకులతో ఆ వారం గడిచింది. తర్వాత మేస్త్రీ టైల్స్ లారీతోపాటు వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పెంకుల మీద కూర్చుని రాసాగాడు.

ఒకరోజు క్రషర్‌కి గ్రీజు రాస్తూ కోడలు అడిగింది. "అత్తా, ఆ దొంగతనం బయటపెట్టలేదేం?"

"బయటపెడితే ఒక మేస్త్రీ పోతాడు. ఇంకో మేస్త్రీ వస్తాడు. వాడి వాకిట్లో ఏముందో నాకేం తెలుసు? వీడైతే చచ్చినట్టు లారీ ఎక్కుతాడు."

బయట లారీ వచ్చి ఆగింది. పైనుంచి మేస్త్రీ కేక వేశాడు. "వదినా! దిగలేకపోతున్నాను, ఎవరినైనా నిచ్చెన తెమ్మను!"

"కోడలు ఖాళీగా లేదు మరిదీ, కాసేపు కూర్చో," అంది టంగత్త. కోడలు క్రషర్ మీట నొక్కింది. ఆ మోతలో మేస్త్రీ ఇంకేం అన్నాడో ఎవరికీ వినపడలేదు.