కారులో కొలువు

ఆ భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తారు. తలుపున్న గది అతనిది, భోజనాల బల్ల ఆమెది. అతను తలుపు మూస్తే ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడవాలి. ఆమె ల్యాప్‌టాప్ తెరిస్తే మాత్రం అందరికీ తీరిగ్గా దొరికినట్టే. బెల్లు మోగినా, అత్తగారి కళ్లజోడు కనపడకపోయినా పిలుపు ఆమెకే.

ఒకరోజు ఆమె క్లయింటుకు ప్రోగ్రాంలోని తప్పులు వివరిస్తుంటే, అత్తగారు చిక్కుడుకాయల పళ్లెం తెచ్చి ముందు పెట్టారు.

"మాట్లాడేది నోరే కదమ్మా, చేతులు ఖాళీయేగా. ఈనెలు తియ్యి."

మర్నాడు ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సెల్లారులోకి దిగి, కారు వెనక సీట్లో కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికల్లా పెండింగు పనంతా తేలిపోయింది.

ఆ సుఖం ఎంతోకాలం నిలవలేదు. అత్తగారు వెతుక్కుంటూ వచ్చి, "ఇక్కడ చల్లగా ఉందే!" అని ముందు సీట్లో కునుకు తియ్యడం మొదలుపెట్టారు. ఓరోజు మీటింగు మధ్యలో ప్లంబరు వచ్చి అద్దం మీద తట్టాడు.

"అమ్మా, సింకు కింద పైపు మార్చాలి. నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుంది? సారు మీటింగులో ఉన్నారు, మిమ్మల్ని అడగమన్నారు."

"నేనూ మీటింగులోనే ఉన్నాను నాయనా."

ప్లంబరు గురక పెడుతున్న పెద్దావిడ వంక చూశాడు. "ఇదా అమ్మా మీటింగు?"

ఆమెకు ఒళ్లు మండింది. "ఆ వాల్వేదో సారునే చూపించమను" అని, మీటింగులో వాళ్లను కాసేపు ఆగమని, స్టీరింగు ముందుకు మారింది. బండి కదలగానే అత్తగారు ఉలిక్కిపడి లేచారు.

"ఎక్కడికమ్మా?"

"ఆఫీసుకి అత్తయ్యా."

పార్కు పక్కన నీడలో కారాపి మీటింగు ముగించింది. అత్తగారు బెంచీ మీద కూర్చుని ఐస్‌క్రీం తింటూ, కొడుకు ఫోను చేస్తే, "మేం మీటింగులో ఉన్నాంరా" అని పెట్టేశారు.

ఇంటికొచ్చేసరికి భర్త మోకాళ్ల దాకా తడిసి, వంటింట్లో నీళ్లు తోడుతున్నాడు.

"వాల్వు ఎక్కడుందో నాకెవరూ చెప్పలేదు" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నాకు మాత్రం ఎవరు చెప్పారండీ? వెతుక్కున్నాను."

ఆ వారమే గదిని వంతులు వేసుకున్నారు. పొద్దున ఆమె, మధ్యాహ్నం అతను. తను బల్ల దగ్గరున్నప్పుడు బెల్లు మోగితే, గొణుక్కుంటూనైనా అతనే లేస్తున్నాడు.

మొదటి రోజు గదిలో ఆమెకు ఆ నిశ్శబ్దం వింతగా తోచింది. ఎవరైనా పిలిచారేమోనని రెండుసార్లు తలుపు తీసి చూసింది. ఎవరూ పిలవలేదు. కాస్త చిన్నబుచ్చుకుని, పనిలో పడింది.