రాగి కొన్ననాటి బహువచనం

ఆ మధ్యాహ్నం పాత రాగి గోదాములో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: ఫ్యాన్ల కంపెనీ కొత్త డైరెక్టరమ్మ, ఆమె పక్కన, పదవీ విరమణ చేసిన కొనుగోళ్ల అధికారి, ఆ తర్వాత తీగ చుట్టే విభాగం మేస్త్రీ, చిట్టచివర, తలుపు దగ్గరి స్టూలు మీద, ఒకప్పటి స్టోరుకీపరు. త్రాసు ముల్లు నిలకడగా నిలిచేదాకా సంతకం పెట్టేది కాదు గనుక ఆమెను అందరూ ముల్లక్క అనేవారు. పేరు త్రాసు వల్ల వచ్చిందో నాలుక వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

గోదాముకు అధికారి పేరు పెట్టాలని కంపెనీ నిశ్చయించింది. డైరెక్టరమ్మ ఇరవై రెండేళ్ల నాటి మినిట్సు పుస్తకం తెరిచి చదివింది: "అనుభవజ్ఞులు సూచించగా, ఏడాదికి సరిపడా రాగి తీగ ముందుగానే కొనడమైనది."

"ఆ అనుభవజ్ఞులు మీరే కదండీ," అంది.

ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నకు అధికారి చిరునవ్వే జవాబు. నేడు ఆ చిరునవ్వు శిలాఫలకం కాబోతోంది. ఆయన చేతికర్ర పిడి సవరించుకున్నారు.

తీగ చుట్టల నూనె కాగితం వాసన గోడలను ఇంకా వదలలేదు. సరిగ్గా ఆ వాసనలోనే నాడు ముల్లక్క ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, తుక్కు కొనే అతను బేరం మానేశాడు. అడిగినంత ఇచ్చి పాత వైరంతా ఎత్తుకుపోతున్నాడు."

"అయితే?"

"ఎక్కడో రెట్టింపుకి పోతోందన్నమాట. ఓడలకెక్కిస్తున్నాడట. ఆ దేశాల్లో ఊళ్లకి ఊళ్లే కొత్తగా కరెంటు లాక్కుంటున్నాయట. రాగి ఇప్పుడే కొనిపెట్టండి."

"ధర నిలకడగా ఉంటుందని విదేశీ పత్రికలన్నీ రాశాయమ్మా."

"పత్రికలు తుక్కు అమ్ముతాయా సార్?"

మూడు రోజులు తర్జనభర్జన పడి, ఆయన కొన్నారు. ఆరు నెలలు తిరక్కుండానే రాగి రెట్టింపైంది. ఎక్కడో కోట్ల మంది మొదటిసారి స్విచ్చి వేస్తుంటే, రాగితో పాటు చమురూ ఎగబాకి, ఇక్కడ బస్సు టికెట్టు మొదలు సబ్బు దాకా అన్నీ ప్రియమయ్యాయి. ఆ ధరకు రాగి కొనలేక పక్క వీధిలో రెండు కర్మాగారాలు మూతపడ్డాయి. ఇక్కడ తీగ చుట్టే నలభై బల్లల్లో ఒక్కటీ ఆగలేదు.

"ఆ వాక్యం నేనే రాశానమ్మా," అన్నారు అధికారి. "కానీ నన్ను నేనే గౌరవ బహువచనంలో రాసుకోను, ఆపాటి వ్యాకరణం నాకూ వచ్చు."

"మరెవరు సార్?" అన్నాడు మేస్త్రీ.

"ఒక్క మనిషే. స్టోరుకీపరు మాట విన్నానని రాస్తే చిన్నతనమనుకుని, పేరు మింగేశాను."

తలుపు దగ్గర స్టూలు కిర్రుమంది. "ఆ 'లు' నాదేనని అప్పుడే తెలుసు సార్. ముల్లు నిలిచేదాకా ఆగుదామనుకున్నా."

ఆయన కలం తీసి, పాత వాక్యం కింద నిదానంగా రాశారు:

"సవరణ. పై వాక్యంలోని అనుభవజ్ఞులు, అందరూ ముల్లక్క అని పిలిచే ఈ గోదాము స్టోరుకీపరు గారు. ధర పెరగనున్నదని ముందుగా గ్రహించి, చెప్పి, నలభై మంది కొలువు కాపాడినవారు ఆమె. ఆ మేలును కంపెనీ పక్షాన, ఆలస్యానికి క్షమాపణతో, ఇందుమూలంగా నమోదు చేయడమైనది."