బొగ్గయినా ఆపింది, జిప్సమైనా ఆపింది

పోర్టు దగ్గరి సరుకు యార్డు నుంచి గేటు క్లర్కు అబ్బులు ఫోన్ చేయడం పొద్దున్నుంచి అది ఐదోసారి. మధురవాడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రోగ్రామర్ హరిచందన విసుగ్గా ఫోనెత్తింది.

"మేడమ్, ఏటిది? కంప్యూటర్లో బొగ్గు లారీ అని కొడితే 'ఆపండి' అంటంది. జిప్సం అన్నా అదే మాట. రోడ్డు మీద ఇరవై లారీలున్నాయి!"

అంతలో ఎవరో ఫోన్ లాక్కున్నారు. "అమ్మా, నాను డ్రైవర్ కరీం బాషాని. ఆరింటికాడ్నించి ఇక్కడే ఉన్నాను. మీ కంప్యూటర్‌కి బొగ్గు తెల్దేటి? మసి పట్టిన నా సొక్కా సూపిత్తే నమ్ముద్దా?"

ఆ గేటు ప్రోగ్రాం వీళ్ల ఆఫీసే రాసింది. బొగ్గు, జిప్సం, మాంగనీస్ లారీలను మాత్రమే లోపలికి పంపాలి. నిన్న దాన్ని సవరించింది టీమ్ లీడ్ జయంత్. హరిచందన జావా కోడ్ తెరిచి చూసి తల పట్టుకుంది.

"సర్, సరుకు పేరు బొగ్గు కాకపోతే, లేదా జిప్సం కాకపోతే, లేదా మాంగనీస్ కాకపోతే ఆపమని రాశారు."

"అవును. తప్పేటి?"

"బొగ్గు లారీ వచ్చింది. అది జిప్సమా?"

"కాదు."

"కాకపోతే ఆపమన్నారుగా! ఒకేసారి ఈ మూడూ అయిన సరుకు ఎక్కడైనా ఉందా సర్?"

జయంత్ ఆ లైను మళ్లీ చదివాడు. "అయితే 'లేదా' తీసేసి 'మరియు' పెట్టెయ్. గొడవొదిలిపోద్ది."

వదిలిపోయేదే. కానీ ఆరు నెలలుగా ఎవరో ఒకరు ఆ లైన్లో వేలు పెడుతూనే ఉన్నారు, ఫోన్లు మాత్రం ఆమెకే వస్తున్నాయి. ఒళ్లుమండి ఆ కండిషన్ మొత్తం చెరిపేసింది. మూడు పేర్లూ ఒక జాబితాగా రాసి, వచ్చిన పేరు అందులో ఉందా లేదా అని ఒక్క ప్రశ్న వేసింది. పరీక్షించి యార్డుకు పంపింది.

పది నిమిషాలకు మళ్లీ అబ్బులు. "బొగ్గు ఎల్తంది మేడమ్. మాంగనీస్ ఆగింది."

అతను కొట్టిన పేరు చూసింది. చివర ఒక ఖాళీ ఉంది.

"పేరయ్యాక స్పేస్ కొట్టారా?"

"అలవాటు మేడమ్. అదీ తప్పేనా?"

అతన్ని తిట్టాలో తనను తిట్టుకోవాలో తెలియలేదు. చివర్న మిగిలే ఖాళీలను కోసేసి సరిపోల్చమని ఇంకో చిన్న ముక్క చేర్చింది. ఈసారి ఫోన్లో అబ్బులు గొంతుకన్నా లోపలికి కదులుతున్న లారీల హారన్లే గట్టిగా వినిపించాయి.

జయంత్ కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. "వచ్చే వారం సిమెంట్ కూడా వస్తాదంట. ఇంకో 'కాకపోతే' పెట్టనా?"

"జాబితాలో ఒక్క పేరు రాయండి సర్," అంది హరిచందన, పళ్లు బిగించి. "కండిషన్ జోలికి మాత్రం వెళ్లకండి."