దిగని తెరచాప

తల సగం నెరిసినా అతన్ని అందరూ చిన్నోడనే పిలుస్తారు. పైన పెద్దోడు ఒకడు ఉండేవాడు మరి. ఇప్పుడు పెద్దోడు లేడు, పేరు మాత్రం చిన్నోణ్ణి వదల్లేదు.

పడవల షెడ్డులో, రెండు బల్లల మీద అన్న పడవలో తెరచాప కట్టే స్తంభం అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాని వెనకవైపు పొడవునా ఒక గాడి. తెరచాప అంచుకు కుట్టిన ప్లాస్టిక్ బిళ్లలు ఆ గాడిలో జారుతుంటేనే చాప పైకెక్కేదీ, కిందికి దిగేదీ. ఆ రోజు గాలి ముదిరినప్పుడు బిళ్లలు కదల్లేదు. చాప సగంలో ఇరుక్కుపోయింది. లాగి దించుదామని పెద్దోడు లేచి నిలబడ్డాడు, పడవ ఒరిగింది, మనిషి నీళ్లలో పడ్డాడు. ఈత రానివాడేం కాదు, కానీ చల్లటి నీళ్లు ఈతగాణ్ణీ వదిలిపెట్టవు. పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, సగం దిగిన చాపతో.

"ఎందుకు దిగలేదో చూసి చెప్పు చిన్నోడా" అంది వదిన పొద్దున్నే, బేకరీకి పనికి పోతూ. "అందరూ రాత అంటున్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టట్లేదు. గాలి అనొద్దు, దేవుడు అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నీకు పుణ్యముంటుంది."

చెబుతానని మాటిచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? చిన్నప్పుడే అమ్మ పోతే, వదిన చేతి ముద్ద తిని పెరిగినవాడు. వదిన అంటే అతనికి తల్లి తర్వాత తల్లి.

కానీ ఆ గాడికి అతుకు వేసింది తనే. చిన్నోడు అల్యూమినియం కిటికీల మేస్త్రీ. పాత గాడి కింది భాగం సొట్టపోతే కోసేసి కిటికీకి వాడే కొత్త పట్టా ముక్క బిగించాడు. "కిటికీ బాగానే పెట్టావు గానీ, అద్దం ఏదిరా?" అని పెద్దోడు పడవంతా కదిలేలా నవ్వాడు. ఆయన పోయాక రేవులో ఎవరు చాప మాట ఎత్తినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చిన్నోడు లేచి వెళ్లిపోయేవాడు.

అందుకే ముందుగా అతుకే చూశాడు. అన్నిటికంటే కింది బిళ్లను వేలితో పైకి తోశాడు. అతుకు దాటి అవతలికి పోయింది. వెనక్కి లాగాడు, వచ్చింది. గోరు పెట్టి అతుకు మీద గీశాడు. ఎక్కడా తగల్లేదు.

"నేను కాదు" అన్నాడు పైకే. బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. అన్న చచ్చిపోయిన కారణం వెతుకుతూ ఇంత ఊరట పడుతున్నందుకు వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

మరి ఎవరు? అతుక్కి చాలా పైన ఉన్న బిళ్లలు ససేమిరా కదలనన్నాయి. గాడిలోకి తీగ దూర్చి గీకాడు. ఇసుకతో గట్టిపడ్డ ముద్ద ఊడొచ్చింది. లోపల ఇంకా తడిగా, తెల్లగా ఉంది.

రేవులో తెల్ల గ్రీజు ఎవరూ వాడరు. ఆ డబ్బా అతను ఒకే ఒక్క చోట చూశాడు, వదిన వంటింటి అరలో. బేకరీలో పొయ్యి ట్రేలు జారే పట్టాలకు రాసే గ్రీజు అది. ఇంట్లో కిర్రుమన్న ప్రతి తలుపుకూ, బిగుసుకున్న ప్రతి సొరుగుకూ ఆవిడ దగ్గర అదే మందు.

పెద్దోడు ఆ గాడికి కొవ్వొత్తి ముక్క తప్ప ఇంకోటి తాకించేవాడు కాదు. జిడ్డు మొదట్లో బ్రహ్మాండంగా జారుతుంది, తర్వాత గాల్లో ఎగిరే ఇసుకనంతా పట్టి దాచుకుంటుంది. బేకరీలో ఇసుక ఉండదు. ఆ సంగతి ఆవిడకెలా తెలుస్తుంది?

చిన్నోడు పాత బ్రష్షూ కిరసనాయిలూ తెచ్చి, ఏడుస్తూ గాడంతా కడిగాడు. తెల్లటి మరక ఎక్కడా లేకుండా తుడిచి, గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

పని దిగి వదిన నేరుగా షెడ్డుకే వచ్చింది. మోచేతికి ఇంకా పిండి అంటుకుని ఉంది.

"చెప్పు."

"ఇసుక పడింది వదినా."

"ఈ ఒడ్డున ఇసుక ఎప్పుడు లేదు? ఇన్నేళ్లూ దిగిన చాప ఆ రోజే ఎందుకు దిగలేదు?"

"ఉప్పు కూడా పేరుకుని..."

"నా మొహం చూసి చెప్పు."

వదిన ముందు అబద్ధం నిలవదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇసుక అంటే, దాన్ని పట్టి ఉంచింది ఏమిటని అడుగుతుంది. అడిగిందంటే తెలుసుకునేదాకా ఊరుకోదు. తెలిసిందంటే బతకదు. ఆవిడ నమ్మగలిగే అబద్ధం ఒక్కటే ఉంది. దాన్ని ఇన్నాళ్లూ అతనూ నమ్మాడు.

"అతుకు వదినా. నేను వేసింది. అంచు లేచింది. బిళ్ల దానికి తట్టుకుంది."

వదిన స్తంభం దగ్గరికొచ్చి అతుకు మీద వేలు పెట్టింది. "నున్నగానే ఉందే?"

"ఇప్పుడే ఆకురాయితో అరగదీశాను."

ఆవిడ చాలాసేపు వేలు తియ్యలేదు.

"కిటికీలు పెట్టుకునేవాడివి. నాకిది చేతకాదు అన్నయ్యా అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదరా" అంది చివరికి. "చాప బిగుస్తోందని ఆయన అన్నాడని, స్తంభం దించి పెట్టినప్పుడు కర్రకు గుడ్డ చుట్టి ఆ చివరి దాకా గ్రీజు రాశాను నేను. ఆయనక్కూడా చెప్పలేదు. ఏమీ తెలియనిదాన్ని, నాకు చేతనైంది నేను చేశాను. అన్నీ తెలిసినవాడివి, నువ్వేం చేశావు?"

జేబులో గుడ్డ తొడకు తడిగా తగులుతోంది. చిన్నోడు తల వంచుకుని "తప్పయిపోయింది వదినా" అన్నాడు.

"ఇక నా గడప తొక్కకు" అని ఆవిడ వెళ్లిపోయింది.

వదిన ఇప్పుడు కాస్త నిద్రపోతోందని కొన్నాళ్లకు బేకరీలో పనిచేసే ఒకావిడ చెప్పింది. మంచిదే అన్నాడు చిన్నోడు. పనికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ వీధిలోకి వెళ్లకుండా, చుట్టు తిరిగి పోతున్నాడు.