తలుపు కొట్టని మనిషి

నా భార్య చావుకు కారణం మా తోడల్లుడు. ఇందులో వాదన లేదు.

ఆ రోజు అతను మా ఇంట్లో ముందు గదిలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను గోడౌన్‌లో తూకాల దగ్గర ఉన్నాను. ఆమె స్నానానికి వెళ్ళింది. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉండేది. చలిగాలి కొడుతోందని వెంటిలేటర్‌కు ఆమే అట్టముక్క అడ్డం పెట్టింది. అది ప్రమాదమని అప్పటికి మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. నీళ్ళు పారుతున్న చప్పుడు మా తోడల్లుడికి వినిపిస్తూనే ఉంది. ఎంతకీ ఆగలేదు. పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. లేచి తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఇదంతా శవం పక్కన కూర్చుని అతనే చెప్పాడు.

"వదినగారు స్నానం చేస్తుంటే నేనెట్లా తలుపు కొడతాను అన్నయ్యా? బాగుండదు కదా," అన్నాడు.

బాగుండదట.

అప్పటి నుంచి అతనితో నాకు మాటల్లేవు. మా మరదలు ఏడ్చినా, మా అబ్బాయి బతిమాలినా నేను కరగలేదు.

గ్యాస్ మండాలంటే గాలి కావాలి. మూసిన గదిలో గాలి తగ్గేకొద్దీ ఆ మంట విషం కక్కుతుంది. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కుతుంది, కాళ్ళు తేలిపోతాయి, మనిషి ఉన్నచోటే కూలబడుతుంది. కేక వేయాలన్న ఆలోచన కూడా రాదు. ఆమె పోయాక నేను నేర్చుకున్న చదువు ఇది.

మా అబ్బాయి ఇల్లు కొనుక్కుని నన్ను రమ్మన్నాడు. వెళ్ళాను. గోడల రంగు చూడమన్నాడు. నేను బాత్రూం చూశాను. గీజరు లోపలే ఉంది. వెంటిలేటర్‌కు కదలని అద్దం బిగించారు. నీళ్ళు హాల్లోకి రాకుండా తలుపు అడుగున రబ్బరు పట్టీ అతికించారు. డబ్బాకు మూత పెట్టినట్టుంది.

"స్క్రూడ్రైవర్ ఉందా అమ్మా?" అన్నాను కోడలితో.

"అందరూ ఇంట్లోకి రాగానే మంచినీళ్ళడుగుతారు. మీరేంటి మావయ్యా, స్క్రూడ్రైవర్ అడుగుతారు?"

"ఆ అద్దం తీసెయ్యాలి."

"తీస్తే బల్లులొస్తాయి. బల్లి కనిపిస్తే మీ అబ్బాయి ఎంత వీరుడో మీకు తెలుసుగా. మంచమెక్కి నన్ను పిలుస్తాడు."

"వల కొట్టిస్తే బల్లి రాదు, గాలి వస్తుంది."

మా అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. "నాన్నా, మళ్ళీ మొదలెట్టావా? ఆదివారం మనిషిని పిలిపించి గీజరు బయటికి మార్పిస్తా. సరేనా?"

ఆదివారం మనిషి రాలేదు. ఆ పై ఆదివారం మా అబ్బాయికి ఏదో పని పడింది. ఆ అద్దం నేనే పగలగొడదామని స్టూలెక్కితే నా చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. "కొత్త ఇల్లు నాన్నా! పెచ్చులూడితే ఎవడు పూస్తాడు?" అన్నాడు.

నేను అక్కడే ఉండిపోయాను. తమ మీద మమకారం అనుకున్నారు వాళ్ళు. ఆ గీజరు బయటికి వెళ్ళేదాకా నేను కదలదల్చుకోలేదు.

కోడలికి పద్ధతి నేర్పాను. తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకోవాలి. గీజరు కట్టెయ్యాలి, సిలిండరూ కట్టెయ్యాలి. గదిలోకి కాసేపు గాలి ఆడాకే తలుపేసి గడియ పెట్టుకోవాలి. మంట నీలంగా కాకుండా పసుపుగా కనిపిస్తే ఆ రోజు అసలు ముట్టుకోకూడదు.

"స్నానానికి ఇన్ని పాఠాలా! పరీక్ష కూడా పెడతారా మావయ్యా?" అని ఆటపట్టించేది. కానీ చెప్పినట్టే చేసేది. ఆమె బాత్రూంలోకి వెళ్ళినప్పుడల్లా నేను కుర్చీ అంచున కూర్చునేవాణ్ణి. గీజరు ఆరిన చప్పుడు వినిపించాకే వెనక్కి వాలేవాణ్ణి.

ఒక పొద్దున మా అబ్బాయి పనికి వెళ్ళాడు. కోడలు తలస్నానం చేస్తానంది. ఆమె జుట్టుకు బకెట్లు చాలవు. గీజరు మండుతుండగానే గడియ పడింది.

నేను హాల్లోంచే అరిచాను. "గీజరు కట్టేశావా అమ్మా?"

"అయిపోయింది మావయ్యా! ఈ నురగ పోగానే కట్టేస్తా!"

కూర్చున్నాను. టీవీ కట్టేశాను. మనిషి స్నానం చేస్తుంటే నీళ్ళ చప్పుడు ఒకేలా ఉండదు. ఒళ్ళు అడ్డం వస్తుంది, చెంబు తగులుతుంది, ధార విరుగుతుంది. కాసేపు అలాగే వినిపించింది. తర్వాత ఎప్పుడు మారిందో తెలియదు. ఒకే ధార నేల మీద పడుతున్న చప్పుడు. అంతే.

దగ్గాను. ఇంకా గట్టిగా దగ్గాను.

"అమ్మాయ్, నీ ఫోను మోగుతోంది," అన్నాను. ఫోను మోగడం లేదు. ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు.

తలుపు దాకా వెళ్ళి చెయ్యెత్తాను. లోపల ఉన్నది నా కోడలు. నేను మామగారిని. చెయ్యి గాల్లోనే ఆగింది. దించేశాను.

అబ్బాయికి ఫోన్ చేశాను.

"తలస్నానం అంటే దానికి ఒక పూట పడుతుంది నాన్నా. నువ్వు టీవీ చూసుకో."

"పిలిస్తే పలకట్లేదురా."

"నీళ్ళ చప్పుడులో ఏం వినపడుతుంది? నాన్నా, నువ్వు ఆ తలుపు దగ్గర నిలబడకు. అది చూస్తే బాగుండదు."

ఫోను పెట్టేశాను. కొట్టాలా వద్దా? ఏమీ కాకపోతే ఆ పిల్ల మొహం మళ్ళీ ఎలా చూడాలి? ముసలాడికి ఇదేం పోయేకాలమని వాళ్ళ అమ్మావాళ్ళు అనరా? అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాను.

అప్పుడు సిలిండరు గుర్తొచ్చింది. అది వంటింటి వెనక బాల్కనీలో ఉంది. పరిగెత్తి కట్టేశాను. గ్యాస్ ఆగితే నీళ్ళు చల్లబడతాయి. తల మీద చన్నీళ్ళు పడితే ఎవరైనా కేక పెడతారు. మా కోడలైతే ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తుంది. అరవనీ. నన్ను నోటికొచ్చినట్టు తిట్టనీ. తిట్లు తినడానికే వచ్చి తలుపు ముందు నిలబడ్డాను.

గొట్టంలో మిగిలిన వేడినీళ్ళు అయిపోయి ఉంటాయి. చెవులు రిక్కించాను.

కేక రాలేదు.

భుజంతో గుద్దాను. ప్లాస్టిక్ తలుపు వంగింది గాని గడియ వదల్లేదు. గడియ పక్కన కాలితో తన్నాను. మళ్ళీ తన్నాను. ఊడింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళాను. గోడకు జారగిలబడి ఉంది. తల వాలిపోయింది. తడి జుట్టు మొహాన్ని కప్పేసింది. కాళ్ళ మీద చన్నీళ్ళు పడుతున్నా చలనం లేదు. తువ్వాలు లాగి మీద కప్పాను. చంకల కింద చేతులు వేసి బాల్కనీ దాకా ఈడ్చుకెళ్ళాను. నా అరుపులకు పక్కింటావిడ వచ్చింది. దుప్పటి కప్పింది, అంబులెన్సుకు ఫోన్ చేసింది. నేను కోడలి మొహం మీది జుట్టు తీసి, గాలి తగిలేలా పక్కకు తిప్పి పట్టుకున్నాను. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.

భళ్ళున కక్కుకుంది. కళ్ళు తెరిచింది.

"తల పగిలిపోతోంది మావయ్యా," అంది.

అంత మంచి మాట నేను చాలా ఏళ్ళుగా వినలేదు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక మా అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. నా మొహం చూడలేకపోయాడు.

"గీజరు తీయించేస్తా నాన్నా."

"ఇవాళ తీయించు. ఆదివారం కాదు."

సాయంత్రం మా మరదలు, ఆమె మొగుడు వచ్చారు. మరదలు నా చేతులు పట్టుకుని "బావా, నువ్వే లేకపోతే" అని ఏడ్చి, కోడల్ని చూడటానికి లోపలికి వెళ్ళింది. తోడల్లుడు గోడ దగ్గరే నిలబడ్డాడు. బాగా వంగిపోయాడు.

"అన్నయ్యా," అన్నాడు.

నేను మొహం తిప్పుకున్నాను.

"ఒక్కటి అడుగుతాను. తలుపు పగలగొట్టే ముందు నువ్వు ఎంతసేపు నిలబడ్డావు?"

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, చెంప పగలగొట్టేవాణ్ణి. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మా అబ్బాయి తలెత్తి నన్ను చూశాడు. ఫోనులో తనన్న మాట వాడికి గుర్తొచ్చి ఉంటుంది. "బాబాయ్, ఇప్పుడెందుకు అవన్నీ?" అన్నాడు. కానీ వాడూ నా జవాబు కోసమే చూస్తున్నాడు.

నేను తలుపు పగలగొట్టాను. అతను కనీసం కొట్టలేదు. నా కోడలు లోపల ఊపిరి తీస్తోంది. నా భార్య లేదు. మిగతాదంతా అనవసరం.

"నీతో నాకు మాటల్లేవు," అన్నాను. ఆమె పోయాక అతనితో నేనన్న మొదటి మాట అదే.

గీజరు బయటి గోడకు మారింది. వెంటిలేటర్‌కు అద్దం తీసి వల కొట్టించాం. తలుపుకు బయటి నుంచి నాణెంతో తిప్పినా తెరుచుకునే గడియ పెట్టించాను. మీరూ మీ ఇళ్ళలో ఇవన్నీ చేయించుకోండి. ఎలా చేయించాలో అడిగితే ఎంతసేపైనా చెబుతాను. ఆ తలుపు ముందు నేనెంతసేపు నిలబడ్డానో తర్వాత మా అబ్బాయి అడిగాడు. కోడలు కూడా ఒకసారి అడిగింది. చెప్పలేదు. మీరూ అడగకండి. ఆ మాట ఇక నా నోట రాదు.